లైటుహౌసుకు ఎన్ని పక్కలు

ఈ కింద రాసినదంతా అక్షరం పొల్లుపోకుండా నిజం. కావాలంటే పెన్న మీద ఒట్టు వేస్తాను. మా పెన్నలో ఏడాదికి పది నెలలు నీళ్లుండవు కాబట్టి ఆ ఒట్టు చెల్లదని కోస్తా మిత్రులు ఎగతాళి చేయవచ్చు. నీళ్లున్న ఏరు ఒట్టును కొట్టుకుపోతుంది. ఇసుక ఎక్కడ వేస్తే అక్కడే ఉంచుతుంది. అందుకని మా ఒట్టే గట్టిది. చాలదంటే నా కళ్ల మీద, మా ఆవిడ చేతి రాగిసంగటి మీద కూడా వేస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించి ఉంటే, ఇకపై నేను తీసే ప్రతి పెళ్లి ఫోటోలోనూ పెళ్లికొడుకు కళ్లు మూసుకునే ఉండుగాక.

ఫ్యాక్షన్ రోజుల్లో నాకు ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో ఉండేది. అప్పట్లో మా తట్టున కులాలూ రెండే, మతాలూ రెండే, చుట్టరికాలూ రెండే: ఈ పార్టీ, ఆ పార్టీ. మనిషి ఏ టీ అంగట్లో కూర్చుంటాడు, ఎవరి దగ్గర గడ్డం గీయించుకుంటాడు, ఏ బస్సు వదిలేసి ఏ బస్సు ఎక్కుతాడు అన్నదాన్ని బట్టి అతని పార్టీ తెలిసిపోయేది. నేను ఎవరినీ వదులుకోదలచలేదు. పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం నుంచి రెండో పార్టీకి వేళలు పెట్టాను. అప్పటికీ చిక్కు తీరలేదు. "వాళ్లు నిలబడిన పరదా ముందర మేము నిలబడల్లనా?" అన్నారు. సరే అని రెండు పరదాలు రాయించాను. రెండింటి మీదా సముద్రమే. తాగడానికి బిందెడు నీళ్లు దొరకని మనుషులు ఫోటోలోనైనా వెనకాల సముద్రం ఉంటే మురిసిపోతారు.

పరదాలు రాసిన జమ్మలమడుగు పెయింటరు సముద్రం చూసిన పాపాన పోలేదు. ఆయన అలలు అచ్చం శెనక్కాయ చేని సాళ్లలాగా వరసగా ఉండేవి. ఏ పరదా ఏ పార్టీదో గుర్తుండాలని, ఒకదాని మూలన క్యాలెండర్ చూసి ఒక లైటుహౌసు కూడా దించాడు. కొంప ముంచింది అదే.

జమ్మలమడుగుకూ పులివెందులకూ నడుమ ఒక ఊరి పెద్ద, ఎన్నికల పోస్టరుకు ఫోటో తీయించుకోవడానికి వచ్చాడు. ఆయన్ని అందరూ 'అన్న' అనేవారు, ఆయన కంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లతో సహా. రెండు జీపులు, పన్నెండు మంది మనుషులు. వాకిలికి వీపు పెట్టి నిలబడడు కాబట్టి పరదాను ఇటునుంచి అటు మార్చాల్సి వచ్చింది. ఫోటో అయ్యాక వెనక్కి తిరిగి చూశాడు.

"ఏందప్పా ఇది? పొగగొట్టమా?"

"లైటుహౌసన్నా. సముద్రం ఒడ్డున ఉంటాది. పైన దీపం చుట్టూ తిరుగుతాంటాది."

"దేనికి?"

"వచ్చే ఓడ యాడుండాదో కనుక్కోవడానికి."

నిజానికి ఒడ్డు ఎక్కడుందో ఓడకు తెలియడానికి అది. నేను తిరగేసి చెప్పాను. అయినా మా తట్టున ఎత్తైనది ఏదైనా ఎవరు వస్తున్నారో చూడటానికే కడతారు గాని, మనం ఎక్కడున్నామో పరాయివాడికి చెప్పడానికి ఎవరైనా కడతారా?

"ఎంత దూరం కనపడతాది?"

"ఇరవై మైళ్లన్నా."

"వాకిళ్లెన్ని?"

"ఒకటే."

"కింద కిటికీలు?"

"ఉండవన్నా." ఇందులో ఒక్కటీ నేను చూసింది కాదు. అడిగిన కొద్దీ చెబుతూ పోయాను.

ఆయన ముఖం మారిపోయింది. మా ఊరి బంగారు అంగళ్ల అద్దాల ముందు నిలబడిన ఆడవాళ్ల ముఖాల్లో మాత్రమే నేను ఆ వెలుగు చూశాను. సంగతేమిటంటే, ఆయన ఊళ్లోనే రెండో పార్టీ ఆయన కొత్తగా మూడో అంతస్తు లేపాడు. అక్కడి నుంచి చూస్తే అన్న ఇంటికి ఎవరు వస్తున్నారు, ఎవరు మానుకున్నారు, ఎవరు వచ్చి టీ తాగకుండా పోతున్నారు అన్నీ కనిపిస్తాయి. ఎన్నికల ముందు రాజకీయమంటే అంతే. మిగతాదంతా ఉపన్యాసం.

"నేనొకటి కట్టిస్తా," అన్నాడు అన్న. "మేస్త్రీకి సూపీడానికి ఫోటోలు గావల్ల. నలుపక్కలా తీసకరా. ఒక్క పక్క గూడా తప్పగూడదు."

"అట్లనే అన్నా."

"అట్లనే అంటే గాదు. మా నాయన్ని ఏ పక్కనుంచి వచ్చి నరికినారో తెలుసునా నీకు? పశువుల కొట్టం పక్క. మూడు పక్కలా మనుషుల్ని పెట్టుకున్న్యాం. పేడకంపు కొట్టే తట్టుకు ఎవురొస్తార్లే అనుకున్న్యాం. సూపించని పక్కనుంచే వస్తాది సావు. నువ్వు ఒక పక్క దాపెట్టినావనుకో, ఆ బటన్ నొక్కే వేలు మా తిన్నె మింద పెట్టి పో."

నవ్వుతూనే అన్నాడు. ఆయన కోపంగా అన్నవి జరగడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వుతూ అన్నవి జరగడం రెండుసార్లు చూశాను.

ఆయన ఊరు దాటాలంటే రెండు జీపులు కదలాలి కాబట్టి తాను రాలేదు. నాకు తోడుగా ఒక మనిషిని పంపాడు. కొండాపురం తట్టు గొర్రెలు కాచుకునే ఇంటివాడు, ముప్పై ఏళ్ల వయసు, మా స్టూడియో గుమ్మంలోకి వంగి రావాల్సినంత పొడుగు. తువ్వాల్లో కొడవలి చుట్టుకుని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకునేవాడు. నన్ను కంటిరెప్ప పాటు కూడా వదలకూడదని అతనికి ఆజ్ఞ. బస్సులో అడిగాను, ఈ కొలువు మానేసి మళ్లీ గొర్రెల వెంట పోవచ్చు కదా అని.

"యాడికి పోతా మామా? అన్న ఎనకాల ఉన్నన్నాళ్లు నన్ను ముట్టుకునేటోడు లేడు. అన్న వద్దన్న్యాడంటే ఆ పార్టీకీ దొరుకుతా, ఈ పార్టీకీ దొరుకుతా. గొర్రెలు గూడా నన్ను సూసి పారిపోతాయి," అని నవ్వాడు.

నెల్లూరు దాటి, ఇంకో రెండు బస్సులు మారి సముద్రం ఒడ్డుకు చేరాం. నాకు ఎండ కావాలి. ఎండ లేదు. ఆకాశమంతా కడప బండలు పరిచినట్టు బూడిదరంగులో ఉంది, అతుకు కూడా కనబడలేదు. రేపు తీద్దామంటే కుదరదు. అన్న పునాదికి ముహూర్తం పెట్టించి పంపాడు.

మనవాడు మాత్రం సముద్రాన్ని వదిలేసి ఆకాశాన్నే చూస్తున్నాడు.

"మోడాలన్నీ ఈడుండాయేంది మామా? మా ఊరికి దావ తెలీదా వీటికి?"

చినుకులు మొదలయ్యాయి. అతనికి నిజంగానే కోపం వచ్చింది.

"సూడు సూడు, సముద్రం మింద కురుస్తాండాది! ఆడ శెనక్కాయ మాడిపోతాంటే ఈడ నీళ్లల్లో నీళ్లు పోస్తాండాడు. ఉన్నోనికే పెడతాడు దేవుడు. ఏ పార్టీ మామా ఈ దేవుడు?"

"ఎప్పుడూ గెలిచే పార్టీలే," అన్నాను.

లైటుహౌసు దగ్గర ఉండే ఉద్యోగి గోదావరి తట్టు మనిషి. గొడుగు వేసుకుని వచ్చి, "ఎవరండీ మీరు? ఫోటోలకి పర్మిషనుందాండీ?" అన్నాడు. మనవాడి తువ్వాలు కొంచెం జారింది. పర్మిషను కనబడింది. ఆయన గొడుగు మా మీద పట్టాడు.

"ఎవురిది ఈ మేడ?" అని అడిగాడు మనవాడు.

"గవర్నమెంటుదండీ."

"యా గవర్నమెంటు? ఇప్పుటిదా, మునుపటిదా?"

"మునుపటి మునుపటిదండీ. తెల్లోళ్లు కట్టారండీ."

"మళ్లా వాళ్లు ఓడిపోయినాక గూడా ఎవురూ పడగొట్టల్యా?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మా ఊళ్లలో పంచాయతీ ఓడితే కొత్తగా వేసిన బోరింగు కూడా పీకేస్తారని నేను చెప్పాల్సి వచ్చింది.

"ఆ లైటు మనోళ్ల ఓడలకేనా, అందరికీనా?"

"ఏ ఓడైనా ఒకటేనండీ దానికి."

మనవాడు నా చెవిలో అన్నాడు: "ఈయప్పకు ఏమీ తెలీదు మామా. అందరికీ ఎలుగు సూపేటోడు ఎవురుంటారు?"

నేను పనిలో పడ్డాను. నాది రెండు కళ్ల కెమెరా. పైనుంచి తల వంచుకుని అద్దంలోకి చూస్తూ తీయాలి. మేడ గుండ్రంగా ఉంది, నలుపూ తెలుపూ పట్టీలతో. చుట్టూ నిలువెత్తు ప్రహరీ, అదీ గుండ్రమే. మేడ వాకిలి ఆ ప్రహరీ చాటున ఉంది, బయటికి కనబడదు. మేడ పూర్తిగా పట్టాలని కెమెరా పైకెత్తితే ఫోటోలో మేడా, ఆకాశమూ తప్ప ఇంకేమీ మిగలవు. ఎండ ఉన్న రోజున గుండ్రటి స్తంభానికి ఒక పక్క వెలుగూ ఒక పక్క నీడా పడి, దాని గుండ్రదనం కాగితం మీదికి వస్తుంది. మబ్బు వెలుగు ఏ పక్కకూ చెందదు. అన్ని పక్కలా సమానంగా పడి స్తంభాన్ని కూడా పలకలా చేసేస్తుంది. అది తెలిసీ, అడుగులు లెక్కపెట్టుకుంటూ తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం నాలుగూ తీశాను.

నాలుగోది తీసి తలెత్తితే మనవాడు లేడు. ప్రహరీ గేటుకు కొంచెం దూరంగా జరిగి చూస్తే కనిపించాడు. మొదటి అల వచ్చి కాలు తాకితే వెనక్కి దూకి కొడవలి విప్పాడట, ఆ సంగతి తర్వాత అతనే చెప్పాడు. రెండో అలకు నవ్వొచ్చిందట. నేను చూసేసరికి కొడవలి ఒడ్డున ఇసుకలో తువ్వాలు మీద పడుకుని ఉంది. అతను మోకాళ్ల లోతు నీళ్లలో పంచె ఎగగట్టి, వచ్చే ప్రతి అలనూ రెండు చేతులతో, "రా, రా, దమ్ముంటే రా," అని పిలుస్తున్నాడు. అల రాగానే కేక పెట్టి పారిపోతున్నాడు. ఇన్నేళ్లలో అతను పారిపోతూ నవ్వడం ఎవరూ చూసి ఉండరు. ఐదో ఫోటో తీసేశాను. ఒక అంచున తెరిచిన గేటూ, అందులోంచి మేడ వాకిలీ. రెండో అంచున సముద్రంలో అతను.

ప్రొద్దుటూరు వచ్చి ఎర్ర బల్బు కింద కడిగితే నాలుగు ఫోటోలూ నాలుగు కవలపిల్లల్లా వచ్చాయి. తడబడతానేమోనని వెనకాల పెన్సిలుతో దిక్కులు రాసుకున్నాను. శత్రువులకు కాపీలు పోకూడదని అన్న నెగటివులు కూడా అడిగాడు, అవీ కవర్లో పెట్టాను. ఐదోది మాత్రం వేరు చేసి, దాని ఫోటో మనవాడికి రహస్యంగా ఇద్దామని చొక్కా జేబులో పెట్టుకున్నాను.

అన్న ఇంటి ముందు ముహూర్తానికి పునాది తవ్వేశారు. చక్కటి నలుచదరం. జమ్మలమడుగు మేస్త్రీ గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అన్న ఫోటోలు తిన్నె మీద పరిచాడు. ఆయన పక్కనే మనవాడు చంకన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు.

"ఇది?"

"తూర్పన్నా."

"ఇది?"

"దక్షిణం. అది పడమర. ఇది ఉత్తరం."

అన్న నాలుగింటినీ పేకముక్కల్లాగా కలిపాడు. "ఇప్పుడు చెప్పు."

వెనక్కి తిప్పి చూడనిస్తే చెప్పేవాణ్ణి. తిప్పనివ్వలేదు.

మేస్త్రీ వంగి చూశాడు. "ఒగటే ఫోటో నాలుగు మార్లు కడిగినట్టుండాదన్నా."

"గుండ్రటి మేడప్పా అది. ఏ తట్టునుంచి సూసినా అట్లనే ఉంటాది."

"గుండ్రమా! గుండ్రమైతే ఒగ తట్టు ఎలుగు, ఒగ తట్టు నీడ పడదా? ఇది బండ మాదిరి సప్పగా ఉండాది. ముప్పై ఏండ్లుగా బండలు పరుస్తాండా, నాకు సెప్తాండాడు గుండ్రమంట. సరే, గుండ్రమే అనుకో. ఈశాన్యం మూల యాడుంటాది? మూలే ల్యాని ఇల్లు మనుషులు కడతారా?"

"ఆ పొద్దు మోడం పట్టిందన్నా. నీడ పడల్యా," అన్నాను అన్నతో.

"మోడమా? మూడేండ్లుగా మన తట్టు ఎవురికీ దొరకని మోడం నీకొక్కనికే దొరికిందా?" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నా కుడిచేయి దానంతటదే వెనక్కి పోయింది.

అన్న అడిగాడు: "అది సరే గానీ, వాకిలి ఏది? ఒగటే వాకిలి అంటివి. నలుపక్కలా యాడా ల్యా. లైటు ఎలిగించేటోడు యాడ్నుంచి ఎక్కుతాండాడు, గాల్లోనుంచా? వాకిలుండే పక్క దాపెట్టినావు. ఎవురు దాపెట్టమన్న్యారు నిన్ను? మూడో అంతస్తాయన చెప్పినాడా?"

ప్రహరీ సంగతి చెప్పాను. వినలేదు. మనవాడి వైపు తిరిగాడు.

"నువ్వు ఆన్నే ఉంటివి గదరా. ఈయప్ప సుట్టూ తిరిగినాడా?"

"తిరిగినాడన్నా."

"నువ్వు సూసినావా?"

"సూసినానన్నా."

"వాకిలి ఏ పక్కుండాది?"

అతను తువ్వాలు చంక మార్చుకున్నాడు. చూసి ఉంటే కదా చెప్పడానికి. నా వైపు చూశాడు. నేను తిన్నె వైపు చూశాను. అది నున్నటి కడప బండ. దాని మీద ఒక వేలు పెట్టడానికి చోటు చాలినంత ఉంది.

జేబులో ఫోటో ఉంది. తీస్తే వాకిలి కనబడుతుంది, నా వేలు దక్కుతుంది. దానితోపాటే అన్న మనిషి ఆయుధం ఇసుకలో పారేసి నీళ్లలో గంతులేయడమూ కనబడుతుంది. తీయకపోతే అతని కొలువు దక్కుతుంది. నా వేలు?

అప్పుడు చూడండి నా బుర్ర ఎట్లా పనిచేసిందో. జేబులో చెయ్యి పెట్టి, బీడీ వెతుక్కుంటున్నట్టు నటిస్తూ, వేలి కొసతో తడిమాను. ఫోటోకు బొమ్మ ఉన్న పక్క నున్నగా కొంచెం జిగటగా, వెనక పక్క గరుకుగా ఉంటుంది. దాన్ని బట్టి కుడి ఏదో ఎడమ ఏదో కనిపెట్టాను. గట్టిగా దగ్గుతూ, జేబులోనే, ఏ వేలి మీదికి కత్తి లేచిందో ఆ వేలితోనే ఫోటోను నిలువునా చింపాను. గేటున్న సగం బయటికి తీశాను.

"మర్సిపోయినానన్నా. ఇదో, వాకిలి."

అన్న కళ్లు మెరిశాయి. "ప్రహరీ సాటున పెట్టినారు! కట్టినోడు మొగోడప్పా. ఇదేంది, సినిగిపోయిండాది?"

"ఇంట్లో పిల్లోళ్లు చింపినారన్నా."

"పిల్లోళ్లకు కెమెరా సామాను దొరకనిస్తావా?" అని నన్నే కోప్పడ్డాడు. ఆయన కోపం చూసి నా ప్రాణం కుదుటపడింది. మనవాడు ఊపిరి వదిలిన చప్పుడు నాకొక్కడికే వినిపించింది.

మేడ ఒక అంతస్తు లేచింది, నాలుగు మూలలతో. ఈలోగా ఎన్నికలు వచ్చాయి. టికెట్ల దగ్గర ఏదో అటూ ఇటూ అయి అన్న పార్టీ మారాడు. మూడో అంతస్తాయన ఉన్న పార్టీలోకే మారాడు. ఇద్దరూ ఒకే జీపులో, ఒకే పూలదండలో ప్రచారానికి తిరిగారు. ఒకే పార్టీ అయ్యాక ఎవరిని ఎవరు కనిపెట్టాలి? మేడ పని ఆగిపోయింది. ఇప్పుడు అందులో శెనక్కాయ పొట్టు పోస్తున్నారు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. టీ అంగళ్ల దగ్గర చాలా ఏళ్లు ఇక్కడే ఆపాను, పెద్ద నవ్వు ఇక్కడే వచ్చేది. కాని రాతలో పెడుతున్నాను కాబట్టి ఒప్పుకోవాలి. ఒక్క ముక్క కల్పితం. నేను ఫోటో చింపలేదు.

స్టూడియో పని తెలిసినవాళ్లు ఈ పాటికే నవ్వుకుని ఉంటారు. ఆ రోజుల్లో ఫోటో కాగితం అట్టలాగా ఉండేది. జేబులో రెండు వేళ్లతో దాన్ని నిలువునా చింపడం నా తరం కాదు, ఎవరి తరమూ కాదు. నేను దాన్ని అట్లాగే నిండుగా తీసి ఇచ్చాను. ఆలోచించాను అని పైన రాశాను కదా, అంతసేపు కూడా పట్టలేదు. అన్న అడిగిన మాట పూర్తి కాకముందే ఫోటో ఆయన చేతిలో ఉంది.

ఆయన మొదట వాకిలి చూశాడు. తృప్తిగా తల ఊపాడు. తర్వాత రెండో అంచు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నీళ్లు సల్లగుండెనా?" అని అడిగాడు, నవ్వుతూ.

"ఉప్పగుండెనన్నా," అన్నాడు అతను. వేరే ఏం చెప్పాలో తోచక నిజం చెప్పాడు.

అక్కడున్న వాళ్లంతా పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ సాయంత్రమే కొడవలి తీసుకుని అతన్ని పంపేశారు. తువ్వాలు మాత్రం ఇచ్చారు. పెళ్లాం బిడ్డలతో వీరపునాయునిపల్లె తట్టు, ఎవరివో గొర్రెల వెంట పోయాడని విన్నాను.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం మా స్టూడియో గుమ్మంలోకి వంగి వచ్చాడు. నేను పరదా వెనక్కి పోయాను. సముద్రం పరదా వెనక ఎంతసేపు నిలబడగలను? బయటికి వచ్చాను. అతను బెంచీ మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, తప్పు పట్టే గొంతుతో కాదు, పని తెలిసినవాడు పని రానివాడికి చెప్పినట్టు చెప్పాడు.

"నడిమికి సించకపోతివా మామా. వాకిలి తట్టు అన్నకిచ్చి, నా తట్టు జోబిలోనే పెట్టుకోని ఉంటే అయిపోతాండె గదా."

"నాకు తట్టలేదు," అన్నాను.

నాకు నిజంగానే తట్టలేదు. పైన గొప్పగా రాసుకున్న ఉపాయం అతనిది. దగ్గు ఒక్కటే నేను చేర్చాను.